యంత్రమిచ్చు మాట

విశాఖపట్టణపు రేవునకు వచ్చు ప్రతి పెద్ద ఓడకును రెండు గుర్తులు కలవు. ఒకటి పేరు, రెండవది సంఖ్య. పేరు ఓడ ముందువైపునను వెనుకవైపునను పెద్ద అక్షరములతో వ్రాయబడియుండును. యజమాని మారినచో ఆ పేరు మారవచ్చును. ఒకే పేరుగల ఓడలు రెండు మూడు ఒకే కాలమున సముద్రములపై తిరుగుచుండుటయు కలదు. సంఖ్య అట్టిది కాదు. ఓడను కట్టిన నాటినుండి దానిని విరిచి ఇనుముగా అమ్మివేయు నాటి వరకు ఆ సంఖ్య మారదు. ఆ ఓడ పోయిన పిమ్మట ఆ సంఖ్య మరియొక ఓడకు ఇయ్యబడదు. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఈ పద్ధతిని 1987లో ప్రవేశపెట్టినది. 1996 జనవరి 1 నుండి ఇది నిర్బంధమైనది. 1933 అక్టోబరు 7వ తేదీన జలదుర్గ అను ఓడ విశాఖ రేవున ప్రవేశించి వర్తకమునకు నాంది పలికిన దినమున ఇట్టి సంఖ్య లేదు. నాడు పేరే గుర్తు.

ఈ సంఖ్యను ఆధారము చేసికొని, నేడు కంప్యూటరులు ఒకదానితో నొకటి ఎట్లు మాటలాడుకొనునో, అట్టి సంభాషణకు కావలసిన చిన్న ప్రోగ్రామును జావా భాషలో ఎట్లు వ్రాసి నిలుపవలెనో శ్రోతలకు చెప్పదలచినాము. ఇంటిలో కంప్యూటరు విద్య నేర్చుకొనుచున్న పిల్లలున్నచో వారిని కూడ పిలిచి కూర్చుండబెట్టుకొనవచ్చును. లేనివారికిని ఇది అందని విషయము కాదు. ఉత్తరము వ్రాసి జవాబు కొరకు చూచిన అనుభవము ఉన్నచో చాలును.

మొదట ఆ సంఖ్యను గూర్చియే కొంచెము తెలిసికొందము. దానిలో ఏడు అంకెలుండును. మొదటి ఆరు అంకెలు ఓడను తెలుపును. ఏడవది కాపలా అంకె. అది మొదటి ఆరింటి నుండి లెక్క కట్టి వచ్చినది. 9074729 అను సంఖ్యను కాగితముపై వేసికొందము. మొదటి అంకెను 7తో, రెండవదానిని 6తో, మూడవదానిని 5తో, పిమ్మటి వానిని వరుసగా 4తో, 3తో, 2తో గుణింపవలెను. తొమ్మిది ఏడులు 63. సున్న ఆరులు సున్న. ఏడు అయిదులు 35. నాలుగు నాలుగులు 16. ఏడు మూడులు 21. రెండు రెండులు 4. అన్నియు కూడగా 139. అందలి చివరి అంకె 9. మన సంఖ్యలోని ఏడవ అంకెయు 9. లెక్క సరిపోయినది.

ఇప్పుడు గుమాస్తా తొందరలో 7ను 4ను తారుమారు చేసి 9047729 అని వ్రాసినాడనుకొందము. మరల గుణించి కూడినచో 136 వచ్చును. చివర 6 ఉండగా సంఖ్యలో 9 ఉన్నది. ఎక్కడనో పొరపాటు జరిగినదని కాపలా అంకె చెప్పివేసినది. మొదటి ఆరు అంకెలలో ప్రక్కప్రక్కనున్న రెండు వేరువేరు అంకెలు తారుమారైనచో ఈ లెక్క ఎల్లప్పుడును పట్టుకొనును.

ఓడ ఒకటి రేవునకు వచ్చుచున్నదనగా ఈ సంఖ్య ఎన్ని కాగితములకు ఎక్కవలెనో చూడుడు. ఓడ ఏజెంటు వ్రాయును, రేవు అధికారులు వ్రాసికొందురు, కస్టమ్స్ వారి మానిఫెస్టులో ఉండును, సరకు దింపు స్టివిడోరుల పుస్తకములలో చేరును. పూర్వము ఈ కాగితములను మనుష్యులే ఒక కచేరినుండి మరియొక కచేరికి మోసికొనిపోయెడివారు. ఈ కాగితముల బరువు తగ్గించుటకై 1965లోనే దేశములు కూడి ఒక అంతర్జాతీయ ఒడంబడిక చేసికొనినవి. ఆ ఒడంబడిక క్రిందనే 2019 ఏప్రిల్ 8 నుండి ఓడల రాకపోకల సమాచారమును ప్రభుత్వములు యంత్రముల ద్వారా ఇచ్చిపుచ్చుకొనుట నిర్బంధమైనది. 2024 జనవరి 1 నుండి ఆ సమాచారమంతయు ఒకే కిటికీ వద్ద అందవలెనను నియమము వచ్చినది. మన దేశమున రేవుల సంఘము వారు 2007లోనే రేవులకు, వర్తకులకు, ఏజెంట్లకు ఉమ్మడిగా ఒక సమాచార వ్యవస్థను నెలకొల్పియున్నారు.

కాగితములు పోయి యంత్రములు వచ్చినంతనే చిక్కు తీరలేదు. ఏజెంటు కచేరిలోని ప్రోగ్రాము ఒక భాషలో వ్రాయబడినది, రేవులోనిది మరియొక భాషలో వ్రాయబడినది. వానిని వ్రాసినవారు ఒకరినొకరు ఎన్నడును చూచి యుండరు. పరిచయము లేని ఇద్దరు మాటలాడుకొనవలెనన్నచో ముందుగా ఒక మర్యాద ఏర్పడవలెను. ఏ భాషలో అడుగవలెను, ఏమి అడుగవచ్చును, జవాబు ఏ రూపమున వచ్చును అనునవి తెలిసియుండవలెను. అట్టి మర్యాదలలో ఒకటి సోప్.

ఈ సోప్ స్నానము చేయు సబ్బు కాదు. సింపుల్ ఆబ్జెక్ట్ యాక్సెస్ ప్రోటోకాల్ అను నాలుగు ఇంగ్లీషు మాటల తొలి అక్షరములను కూర్చి పెట్టిన పేరు. 1998లో దీనిని రూపొందించిరి. 2000 సంవత్సరమున 1.1 అను కూర్పు, 2003లో 1.2 అను కూర్పు వెలువడినవి. ఈ రెండవ కూర్పులో, పేరు పేరుగనే ఉండును, అక్షరములకు విడివిడిగా అర్థము చెప్పుకొననక్కరలేదని నిర్ణయించిరి.

సోప్ పద్ధతిలో పోవు సందేశము ఎక్స్‌ఎమ్ఎల్ అను వ్రాతలో ఉండును. ఈ వ్రాతలో ప్రతి విషయమునకును ముందొక గుర్తు, వెనుకనొక గుర్తు ఉండి, ఇది సంఖ్య, ఇది తేదీ అని విప్పి చెప్పును. సందేశము మొత్తమునకు కవరు అని పేరు. కవరులో రెండు భాగములుండవచ్చును. మొదటిది శిరస్సు. రిజిస్టరు ఉత్తరముపై తపాలావారు వేయు ముద్రలవంటివి, అనగా పంపినవారెవరు, వారికి అనుమతి కలదా అనునట్టివి, అందుండును. ఇది లేకున్నను సాగును. రెండవది దేహము. అసలు విషయము అందుండును. ఇది ఉండితీరవలెను. జవాబును ఇట్టి కవరులోనే వచ్చును. పని చెడినప్పుడు దేహములో మామూలు జవాబునకు బదులు ఫాల్టు అను భాగముండి, ఏమి చెడినదో తెలుపును.

అడుగువానికి ఈ సేవ ఎచ్చట ఉన్నదో, ఏమి అడుగవచ్చునో ఎట్లు తెలియును? రేడియో ఉన్న ఇంటివారికి దీని జవాబు సులభముగా తోచును. మీ చేతిలోని కార్యక్రమ పత్రికలో ఏ తరంగముపై, ఏ వేళ, ఏ భాషలో, ఏమి వినవచ్చునో అచ్చు వేయబడి యుండును. దానిని చూచి మీరు మరను త్రిప్పుదురు. సోప్ సేవకును అట్టి పత్రిక ఒకటి కలదు. దాని పేరు డబ్ల్యుఎస్‌డిఎల్. ఈ సేవ ఏ ఏ పనులు చేయును, ఒక్కొక్క పనికి ఏమి పంపవలెను, ఏమి తిరిగి వచ్చును, ఏ చిరునామాకు పంపవలెను అనునవి అందుండును. మనుష్యుడు చదువవచ్చును. అంతకంటె ముఖ్యముగా యంత్రము చదువగలదు. ఆ పత్రములో సేవ దొరకు చిరునామాకు పెట్టిన పేరు పోర్టు. రేవుపట్టణమున ఉన్న మనకు ఈ మాట బాగుగనే అతుకును. ఓడ ఆగుచోటు పోర్టు, ఉత్తరము ఆగుచోటును పోర్టే.

ఇక మన చిన్న సేవను వ్రాయుదము. ఇది అభ్యాసము కొరకు మేము కల్పించుకొనినది, ఏ రేవులోని వ్యవస్థకును ప్రతి కాదు. పని ఒక్కటే. ఓడ సంఖ్యను తీసికొని, కాపలా అంకె సరిపోయినదో లేదో చెప్పవలెను.

జావా భాషలో మొదట ఒక క్లాసును వ్రాయవలెను. దానిలో ఒక మెథడ్ ఉండును. అది స్ట్రింగు రూపమున, అనగా అక్షరమాలగా, సంఖ్యను తీసికొని, ఔను కాదు అను రెండింటిలో ఒకదానిని తిరిగి ఇచ్చును. సంఖ్యను పూర్ణాంకముగా గాక అక్షరమాలగా తీసికొనుటకు కారణము కలదు. ఓడ సంఖ్య లెక్కించు రాశి కాదు, ఒక గుర్తు. అందరును దానిని ఒకే విధముగ పంపరు. కొందరు ముందు అక్షరములు చేర్చి పంపుదురు, కొందరు నడుమ ఖాళీ విడుతురు. అక్షరమాలగా తీసికొన్నచో వచ్చినదేమో యథాతథముగా చూచి, తగిన జవాబు చెప్పవచ్చును.

లోపలి లెక్క ఇందాక కాగితముపై చేసినదే. అయితే అక్షరమైన తొమ్మిదియు రాశియైన తొమ్మిదియు యంత్రమునకు ఒకటి కావు. అక్షరమైన సున్నకు యంత్రములో 48 అను విలువ, అక్షరమైన తొమ్మిదికి 57 అను విలువ ఉండును. కనుక ప్రతి అక్షరము నుండి 48 తీసివేసి రాశిని పొందుదురు. ఇచ్చట తెలుగువారికి ఒక విశేషము కలదు. ఇది అంకెయేనా అని అడుగుటకు జావాలో సిద్ధముగానున్న ఒక ప్రశ్న, మన తెలుగు అంకె ౯ ని చూపినను ఔననియే చెప్పును. కాని దాని విలువ 3183. దాని నుండి 48 తీసివేసినచో తొమ్మిది రాదు, 3135 వచ్చును. కనుక సున్న మొదలు తొమ్మిది వరకు గల వాడుక అంకెలనే అంగీకరింతుమని నియమము పెట్టుట, లేక ఏ లిపిలోని అంకెకైనను సరియైన రాశిని ఇచ్చు మెథడ్‌ను వాడుట, ఈ రెండింటిలో ఒకటి చేయవలెను.

క్లాసు సిద్ధమైనది. దీనిని సేవగా మార్చుటకు క్లాసునకు పైన అట్ గుర్తుతో వెబ్‌సర్వీస్ అను మాటను, మెథడ్‌నకు పైన అదే గుర్తుతో వెబ్‌మెథడ్ అను మాటను వ్రాసిన చాలును. వీనిని అనొటేషనులందురు. ఇవి లెక్కలో పాల్గొనవు. ఈ క్లాసు బయటివారి ప్రశ్నలకు జవాబిచ్చునది సుమా అని జావాకు తెలియజేయును. వానిని చూచి కవరును విప్పుట, లోపలి సంఖ్యను తీసి మెథడ్‌నకు అందించుట, జవాబును మరల కవరులో పెట్టుట, డబ్ల్యుఎస్‌డిఎల్ పత్రమును వ్రాయుట అనునవన్నియు గ్రంథాలయమే చేసికొనును. జావాలో గ్రంథాలయమనగా పూర్వులు వ్రాసి సిద్ధముగ ఉంచిన ప్రోగ్రాముల మూట.

ఇంత సులభముగ జరుగుటలో ఒక లోపము దాగియున్నది. మనము వేరుగ చెప్పనిచో, పత్రములో సంఖ్య చేరవలసిన గడికి ఆర్గ్ సున్న అను పేరు పడును. మొదటి వస్తువు అని తప్ప దానికి అర్థము లేదు. పరదేశమున కూర్చుండి పత్రము చదువువానికి అక్కడ ఏమి వేయవలెనో తెలియదు. వెబ్‌పారమ్ అను అనొటేషనుతో ఆ గడికి ఓడసంఖ్య అని స్పష్టమైన పేరు పెట్టవలెను. ఇది అలంకారము కాదు, అపరిచితునకు చూపవలసిన మర్యాద.

ఇంకొక జాగ్రత్త. మన క్లాసునకు చెందిన ఒకే ప్రతి అందరికిని జవాబు చెప్పుచుండును. ఒకే నిమిషమున పదిమంది అడుగవచ్చును. కూడిక మొత్తమును మెథడ్ లోపలనే ఉంచుకొనవలెను గాని, క్లాసునకు ఉమ్మడిగా ఉంచరాదు. ఉంచినచో ఒక ఓడ లెక్కలో మరియొక ఓడ అంకెలు కలిసిపోవును. ఒంటరిగా పరీక్షించినప్పుడు ఈ దోషము కనబడదు, పదిమంది వచ్చిన దినముననే బయటపడును.

సేవను నిలుపుటకు సులభమార్గము ఎండ్‌పాయింట్ అను క్లాసులోని పబ్లిష్ అను మెథడ్. దానికి చిరునామాను, మన క్లాసు ప్రతిని ఇచ్చినచో సేవ మేలుకొనును. చిరునామాలో యంత్రము పేరు, 8080 వంటి ద్వారసంఖ్య, చివర ఒక త్రోవ పేరు ఉండును. యంత్రము పేరుగా లోకల్‌హోస్ట్ అని వ్రాసినచో ఆ యంత్రము తనతో తాను మాటలాడుకొనును గాని బయటివారికి వినబడదు. అభ్యాసమునకు అదియే మంచిది. ఆ చిరునామా చివర ప్రశ్నార్థకమును, డబ్ల్యుఎస్‌డిఎల్ అను మాటను చేర్చి బ్రౌజరులో చూచినచో మన సేవ యొక్క పత్రము తెరపై కనబడును. తాము వ్రాసిన చిన్న క్లాసు లోకమునకు తన్ను తాను పరిచయము చేసికొనుట చూచి నేర్చుకొనువారికి ఆ క్షణమున సంతోషము కలుగును.

పాత పుస్తకములను చూచి నేర్చుకొనువారు ఇచ్చట తడబడుచుందురు. కారణమిది. 2006లో వెలువడిన జావా ఆరవ కూర్పులో ఈ సోప్ గ్రంథాలయము జావాతో కూడనే వచ్చెడిది. 2018లో వెలువడిన పదునొకండవ కూర్పు నుండి దానిని తీసివేసిరి. ఇప్పుడు దానిని వేరుగ తెచ్చుకొని చేర్చుకొనవలెను. మెట్రో అనునది ఒకటి, అపాచి సిఎక్స్‌ఎఫ్ అనునది మరియొకటి వాడుకలో ఉన్నవి. అంతటితో మార్పులు ఆగలేదు. వెనుక జావాఎక్స్ అని మొదలైన గ్రంథాలయపు పేర్లు, యాజమాన్యము ఎక్లిప్స్ సంస్థకు మారిన పిమ్మట జకార్తా అని మొదలగుచున్నవి. పాత పేరును క్రొత్త గ్రంథాలయమును కలిపినచో ప్రోగ్రాము మొండికెత్తును. రెండును ఒకే తరమువై యుండవలెను.

పబ్లిష్ మెథడ్‌తో నిలిపిన సేవ, ఆ ప్రోగ్రాము నడచుచున్నంత సేపే నిలుచును. రాత్రింబగళ్లు పనిచేయు రేవునకు అది చాలదు. కనుక సేవను వార్ అను మూటగా కట్టి సర్వరునందు ఉంచుదురు. డిప్లాయ్‌మెంటు అను మాటకు అర్థమిదియే. టామ్‌క్యాట్ అను సర్వరునందు వెబ్‌యాప్స్ అను అరలో ఆ మూటను పెట్టినచో అది తానే విప్పుకొనును. టామ్‌క్యాట్‌నకు సోప్ పుట్టుకతో తెలియదు. గ్రంథాలయమును, ఏ త్రోవన వచ్చిన ఉత్తరమును ఏ క్లాసునకు అందీయవలెనో తెలుపు చిన్న పత్రమును మూటలోనే ఉంచి పంపవలెను. జకార్తా పేర్లు వాడినచో టామ్‌క్యాట్ పదవ కూర్పుగాని ఆ పైదిగాని కావలెను. తొమ్మిదవది పాత పేర్లనే ఎరుగును. గ్లాస్‌ఫిష్, వైల్డ్‌ఫ్లై వంటి పెద్ద సర్వరులలో సోప్ ముందే అమర్చియుండును. బయటివారికి తలుపు తెరచునప్పుడు దారిలో ఎవరును చదువకుండ గుప్తలిపితో నడచు హెచ్‌టిటిపిఎస్ మార్గమును వాడవలెను.

సేవను పిలుచువాని పని ఇంకను సులభము. డబ్ల్యుఎస్‌డిఎల్ చిరునామాను డబ్ల్యుఎస్‌ఇంపోర్ట్ అను సాధనమునకు ఇచ్చినచో, అది పత్రమును చదివి, పిలుచుటకు కావలసిన జావా క్లాసులన్నిటిని తానే వ్రాసి ఇచ్చును. పిలుచువాడు జావాయే వాడవలెనను నియమము లేదు. పైథాను వాడినను, మైక్రోసాఫ్టు వారి భాషలు వాడినను ఆ పత్రమే ఆధారము.

ఇప్పుడు జవాబు విషయము. తప్పు సంఖ్య వచ్చినప్పుడు మన సేవ ఫాల్టు పంపవలెనా? 9047729 అని అడిగినవానికి కాదు అని చెప్పుట సేవ చేయవలసిన పనియే. పని సక్రమముగా జరిగినది. అది ఫాల్టు కాదు. అయిదు అంకెలే పంపినచో, లేక ఏమియు పంపనిచో, అడిగిన పద్ధతియే తప్పు గనుక అప్పుడు ఫాల్టు తగును. కాదు అనుటకును చెప్పలేను అనుటకును గల భేదమును చెరిపివేసిన సేవ వలన అడిగినవానికి మేలు కలుగదు.

ఇంతవరకు పనితనము. అసలు కష్టము ఇక ముందున్నది. మరల కాగితము తీసికొని 9074729లో మూడవ అంకెయైన 7కు బదులు 5 వేసి, 9054729 అని లెక్కింపుడు. 63, సున్న, 25, 16, 21, 4. మొత్తము 129. చివర 9. ఏడవ అంకెయు 9. లెక్క సరిపోయినది. కాని సంఖ్య మనము వ్రాయదలచినది కాదు. మూడవ అంకెను 5తో గుణించుచున్నాము గనుక, ఆ అంకె రెండు మేరకు తగ్గినచో మొత్తము సరిగా పది తగ్గి చివరి అంకె కదలకుండ నిలిచినది. అట్లే 6, 4, 2 లతో గుణింపబడు స్థానములలో అంకె అయిదు మేరకు మారినను కాపలావానికి తెలియదు. అతడు చాల దోషములను పట్టుకొనును, అన్నిటిని పట్టుకొనలేడు. అంతేకాక, లెక్క సరిపోయిన సంఖ్యగల ఓడ లోకమున ఉన్నదో లేదో అతనికి అసలే తెలియదు.

మరి మన సేవలోని మెథడ్‌నకు ఏమి పేరు పెట్టినాము? ఓడ నిజమైనదా అని పెట్టియున్నచో, ఔను అను ప్రతి జవాబుతోను మనము ఎరుగని విషయమునకు హామీ పడినట్లే. పిలుచువాడు మన ప్రోగ్రామును చూడలేడు. అతని ముందున్నది పత్రమొక్కటే. పత్రములో ఉన్న పేరునే నమ్మి అతడు తన పుస్తకములో ఓడ నిర్ధారింపబడినదని వ్రాసికొనును.

దాని ఫలితమును విశాఖలోనే ఊహించి చూతము. 1992లో జాతికి అంకితమైన మన ఉక్కు కర్మాగారమునకు కావలసిన కోకింగు బొగ్గు ఆస్ట్రేలియా వంటి దేశములనుండి ఓడలలో వచ్చును. ఆ బొగ్గును కోకుగా మార్చు బట్టీలు పగలు రాత్రి వేడిగనే ఉండవలెను. చల్లారినచో లోపలి సిలికా ఇటుకలు పగులును. బొగ్గు ఓడ యొక్క సంఖ్య ఒక కాగితములో ఒకటి, మరియొక కాగితములో ఇంకొకటిగా ఉన్నదనుకొందము. మొదటి దినముననే మనిషి సరిచూచి దిద్దవలసిన పొరపాటు, యంత్రము సరియన్నది గదా అని ఎవరును చూడక, ఓడ లంగరు వేసి నిలిచిన పిమ్మట బయటపడును. దిద్దుబాటు అర్జీలు, నిలిచిన ప్రతి దినమునకు డెమరేజి, బొగ్గు కొరకు ఎదురుచూపు, ఇవన్నియు ఒక మెథడ్‌నకు పెట్టిన పేరులోని అతిశయోక్తి వలన కలుగవచ్చును. ఆ మెథడ్ వ్రాసినవాడు ఇవి ఏవియు ఎరుగక మరియొక ఊరిలో ఉండవచ్చును.

కనుక ఆ మెథడ్‌నకు కాపలా అంకె సరిపోయినదా అని పేరు పెట్టవలెను. ఓడ ఉన్నదని ఈ సేవ చెప్పదని పత్రములోనే వివరణ వ్రాయవలెను. పేరు పొడుగైనది, డాంబికము తగ్గినది, సత్యము మిగిలినది. ఓడ నిజముగ ఉన్నదా అని తెలిసికొనుటకు ఓడల పట్టికను వెదకు వేరొక సేవ కావలెను. దానిని వేరుగనే వ్రాయవలెను.

ఒకసారి ఇచ్చిన మాటను మార్చుటయు సులభము కాదు. సేవ నిలిచిన పిమ్మట ఎవరెవరు దానిని పిలుచుచున్నారో మనకు పూర్తిగ తెలియదు. ఓడసంఖ్య అను గడికి నౌకాసంఖ్య అను పేరు బాగున్నదని తోచి మార్చినామనుకొందము. పాతవారు పాత పేరుతోనే పంపుదురు. జావా గ్రంథాలయములు చాలసార్లు తెలియని గడిని చూచి ఊరకుండును, ఫాల్టు కూడ రాక, మన మెథడ్‌నకు సంఖ్య శూన్యముగ చేరును. అందుచే పాతదానిని కదపక, క్రొత్తది కావలసినచో క్రొత్త పేరుతో క్రొత్త సేవను ప్రక్కన నిలుపుట, పాతవారు మారుటకు గడువిచ్చుట మంచి పద్ధతి. రేవులో ఒక దీపపు రంగు మార్చవలసినను ముందుగా నావికులకు ప్రకటన ఇచ్చు ఆచారము మన సముద్రతీరమున ఎరుగనిది కాదు.

సోప్ పాతబడినది గదా, దీనిని ఇప్పుడు నేర్చుకొనుట ఎందులకని యువకులు అడుగవచ్చును. క్రొత్తగా మొదలుపెట్టు పనులలో నేడు జేసన్ అను తేలికయైన వ్రాతను, రెస్ట్ అను పద్ధతిని ఎక్కువగా వాడుచున్నారనుట నిజమే. కాని బ్యాంకులలో, భీమా సంస్థలలో, ప్రభుత్వ కచేరీలలో ఇరువది సంవత్సరముల క్రిందట నిలిపిన సోప్ సేవలు ఇంకను పనిచేయుచున్నవి. వానిని పాడుచేయక నడపగలవారు కావలసియున్నది. ఋషికొండపైనున్న కంప్యూటరు కచేరీలలో చేరు మన పిల్లలకు ఒకనాడు అట్టి పాత సేవ అప్పగింపబడవచ్చును. దానిని చూచి నవ్వక ముందుగా దాని పత్రమును చదువవలెను. ఎవరెవరికి ఏమి మాట ఇయ్యబడినదో అందున్నది.

మేము చెప్పిన సేవను ఒక సాయంకాలమున వ్రాసి నిలుపవచ్చును. నిలిపిన పిమ్మట ఆరు ప్రశ్నలు పంపి చూడుడు. సరియైన సంఖ్య ఒకటి, తారుమారైనది ఒకటి, అయిదంకెలది ఒకటి, ఏమియు లేనిది ఒకటి, తెలుగు అంకెలతో ఒకటి, చివరగా 9054729. ఈ ఆరవదానికి ఔను అను జవాబు వచ్చును. ఆ ఔనునకు అర్థమెంతవరకో చదువువానికి తెలియునట్లు మీ పత్రములో వ్రాసియున్నచో మీ సేవ పూర్తియైనట్లు. లేనిచో ప్రోగ్రాము నడచుచున్నను పని ఇంకను మిగిలియున్నది.